రెడ్ క్రాస్, రెడ్ క్రీసెంట్: గుర్తు వెనుక కథ, గుర్తుకు వచ్చిన ముప్పు

చీడికాడ లాంటి మండల కేంద్రంలో బస్సు దిగి నాలుగడుగులు వేస్తే ఎర్ర శిలువ గుర్తు కనిపించక మానదు. మెడికల్ షాపు బోర్డు మీద ఉంటుంది. ఆర్‌ఎంపీ డాక్టరు గారి మోటారు సైకిలు మీద ఉంటుంది. ప్రైవేటు అంబులెన్సు తలుపు మీద ఉంటుంది. ఆ గుర్తుకు అర్థం వైద్యం అని మనమంతా అనుకుంటాం. నిజానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా దానిని వాడుకోవడం 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం మన దేశంలో నేరం. బోర్డు రాయించినవారికీ ఆ సంగతి తెలియదు, రాసిన పెయింటరుకూ తెలియదు.

ముస్లిం కుటుంబాలలో ఈ గుర్తు గురించి వినిపించే ప్రశ్న వేరు. అది క్రైస్తవుల శిలువ కదా, మనది నెలవంక కదా, మరి రెడ్ క్రాస్‌కు మనం చందా ఇవ్వవచ్చా, రక్తం ఇవ్వవచ్చా అని పెద్దలు అడుగుతుంటారు. 2023 అక్టోబరు తరువాత గాజా దృశ్యాలు టీవీలలో చూసిన పిల్లలు మరో ప్రశ్న అడుగుతున్నారు. నెలవంక గుర్తు ఉన్న అంబులెన్సును కూడా కాల్చేస్తారా అని. ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకే చోట ఉంది. ఆ గుర్తు ఎందుకు పుట్టింది, దానికి బలం ఎక్కడి నుంచి వస్తుంది అన్నది తెలిస్తే రెండూ అర్థమవుతాయి.

ముందుగా పిల్లల ప్రశ్న. 2025 మార్చి 23 తెల్లవారుజామున దక్షిణ గాజాలోని రఫాలో, తల్ అల్ సుల్తాన్ అనే ప్రాంతంలో, గాయపడినవారిని తీసుకురావడానికి అంబులెన్సులు బయలుదేరాయి. వాటిపై ఇజ్రాయెల్ సైనికులు కాల్పులు జరిపారు. పాలస్తీనా రెడ్ క్రీసెంట్ సిబ్బంది ఎనిమిది మంది, పౌర రక్షణ దళం వారు ఆరుగురు, ఐక్యరాజ్య సమితి ఉద్యోగి ఒకరు, మొత్తం 15 మంది మరణించారు. వారం తరువాత మార్చి 30న, సరిగ్గా ఈద్ రోజున, ఇసుకలో పూడ్చిన శవాలను వెలికి తీశారు. వాహనాలు దీపాలు లేకుండా అనుమానాస్పదంగా వచ్చాయని ఇజ్రాయెల్ సైన్యం మొదట చెప్పింది. చనిపోయిన ఒక సేవకుని ఫోనులో దొరికిన వీడియోలో మాత్రం అంబులెన్సుల దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఆ తరువాత సైన్యం తన మాట మార్చుకుంది. విచారణ జరిపి వృత్తిపరమైన వైఫల్యాలని పేర్కొంటూ ఒక అధికారిని పదవి నుంచి తొలగించింది. అంతకు ముందు ఏడాది, 2024 జనవరి 29న, గాజా నగరంలో కారులో చిక్కుకుపోయిన చిన్నారి హింద్ రజబ్‌ను కాపాడబోయిన ఇద్దరు రెడ్ క్రీసెంట్ సేవకులు కూడా ఆ పాపతో పాటే బలయ్యారు.

ఇది ఒక్క గాజా సంగతి కాదు. 2025 అక్టోబరు చివరలో సూడాన్‌లోని బారా పట్టణంలో ఆహారం పంచుతున్న సూడాన్ రెడ్ క్రీసెంట్ వాలంటీర్లు అయిదుగురిని చంపేశారు. అక్కడ చంపినవారూ ముస్లింలే, చనిపోయినవారూ ముస్లింలే. నెలవంక గుర్తు చూసి తోటి ముస్లిం సాయుధుడైనా ఆగలేదు. గుర్తులోని బొమ్మ దానంతట అది ఎవరినీ కాపాడదని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

సోల్ఫెరినోలో మొదలు

1859 జూన్ 24న ఉత్తర ఇటలీలోని సోల్ఫెరినో వద్ద ఫ్రాన్సు, సార్డీనియా సేనలు ఒక వైపు, ఆస్ట్రియా సేనలు మరో వైపు నిలిచి పోరాడాయి. ఒక్క రోజులో చనిపోయినవారు, గాయపడినవారు కలిపి దాదాపు 40 వేల మంది. ఆ సాయంత్రం అక్కడికి జెనీవా వ్యాపారి ఒకరు వచ్చారు. పేరు హెన్రీ డ్యునాంట్. ఆయన వచ్చింది సేవ కోసం కాదు. ఫ్రాన్సు ఆక్రమించుకున్న అల్జీరియాలో ఆయనకు గోధుమ మిల్లుల వ్యాపారం ఉండేది. దానికి కావలసిన అనుమతుల కోసం చక్రవర్తి మూడవ నెపోలియన్‌ను కలుసుకోవాలని వచ్చారు. ఒక ముస్లిం దేశాన్ని ఆక్రమించిన ప్రభుత్వం దగ్గర లాభం ఆశించి బయలుదేరిన వ్యాపారి చేతుల మీదుగా ఈ సంస్థకు బీజం పడిందన్నది చరిత్రలోని వింత.

దగ్గరలోని కాస్టిగ్లియోనే పట్టణంలో చర్చిల నిండా క్షతగాత్రులు. నీళ్లు ఇచ్చేవారు లేరు, కట్టు కట్టేవారు లేరు. డ్యునాంట్ ఊరి ఆడవారిని పోగుచేశారు. మన సైనికుడా, శత్రువు సైనికుడా అని చూడకుండా వారు సేవ చేశారు. అందరూ సోదరులే అన్నది ఆ స్త్రీల నోటి మాట అయింది. ఆ అనుభవాన్ని డ్యునాంట్ 1862లో పుస్తకంగా అచ్చు వేశారు. 1863లో జెనీవాలో అయిదుగురితో ఒక సంఘం ఏర్పడింది. అదే ఇప్పటి అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీ. 1864 ఆగస్టు 22న 12 దేశాలు మొదటి జెనీవా ఒప్పందంపై సంతకాలు చేశాయి. యుద్ధంలో గాయపడిన సైనికుడు ఏ పక్షం వాడైనా వైద్యం అందాలి, వైద్యం చేసేవారిపై కాల్పులు జరపకూడదు అన్నది దాని సారం. 1901లో తొలి నోబెల్ శాంతి బహుమతిని డ్యునాంట్ మరొకరితో పంచుకున్నారు. అప్పటికే ఆయన వ్యాపారంలో దివాలా తీసి, హైడెన్ అనే కొండ ఊళ్లో అనాథలా బతుకుతున్నారు.

యుద్ధానికి హద్దులు ఉండాలన్న ఆలోచన ఐరోపాలోనే మొదటిసారి పుట్టిందని చెబితే మన పాఠకులు ఒప్పుకోరు, ఒప్పుకోనక్కరలేదు కూడా. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపరాదని, పండ్ల చెట్లు నరకరాదని హజ్రత్ అబూబకర్ (రజి) తన సేనాపతికి ఇచ్చిన ఆదేశాలు మన పిల్లలు మదరసాలో నేర్చుకునేవే. సోల్ఫెరినో జరిగిన మరుసటి ఏడాదే, 1860 జులైలో, డమాస్కస్‌లో క్రైస్తవులపై దాడులు జరిగినప్పుడు వేలాది మందిని తన సంరక్షణలోకి తీసుకున్నది అల్జీరియా స్వాతంత్ర్య యోధుడు అమీర్ అబ్దుల్ ఖాదిర్. అయితే ఒక్క మాట చెప్పుకోవాలి. సత్పురుషుల నడవడిని అన్ని రాజ్యాలూ సంతకం చేసిన చట్టంగా మార్చిన ఘనత మాత్రం జెనీవా వారిదే.

నెలవంక ఎలా వచ్చింది

తెల్ల బట్ట మీద ఎర్ర శిలువ అన్నది స్విట్జర్లాండు జెండాలోని రంగులను తారుమారు చేసిన గుర్తు. ఆ దేశానికి గౌరవ సూచకంగా దానిని స్వీకరించినట్లు 1906 నాటి ఒప్పందంలో స్పష్టంగా రాశారు. మత చిహ్నంగా దానిని ఎన్నడూ నిర్ణయించలేదు. ఉస్మానియా తుర్కీ ప్రభుత్వం 1865లోనే జెనీవా ఒప్పందంలో చేరింది. 1868లో ఇస్తాంబుల్‌లో క్షతగాత్ర సైనికుల సహాయ సంఘం ఏర్పడింది. కాని 1876లో యుద్ధం వచ్చినప్పుడు అసలు చిక్కు బయటపడింది. శిలువ గుర్తు తమ ముస్లిం సైనికుల మనసును నొప్పిస్తున్నదని, తమ అంబులెన్సులపై ఎర్ర నెలవంక వాడుకుంటామని, శత్రువుల ఎర్ర శిలువను మాత్రం యథావిధిగా గౌరవిస్తామని తుర్కీ ప్రభుత్వం స్విట్జర్లాండుకు తెలియజేసింది. రష్యాతో యుద్ధంలో ఉభయ పక్షాలూ ఒకరి గుర్తును ఒకరు మన్నించడానికి అంగీకరించాయి.

తుర్కీ వారి అభ్యంతరం సహజమైనదే. క్రూసేడుల జ్ఞాపకం ఉన్న నేలలో శిలువను కేవలం స్విస్ జెండా అని సామాన్య సిపాయికి నచ్చచెప్పడం అయ్యే పని కాదు. అయినా దాని వలన ఒక నష్టం జరిగింది. ఒక గుర్తు రెండయ్యే సరికి, అసలు మతంతో సంబంధం లేని శిలువ కూడా మతానిదే అన్న అభిప్రాయం బలపడింది. 1929 ఒప్పందంలో నెలవంకను, ఇరాన్ వాడుకుంటున్న ఎర్ర సింహం-సూర్యుడు గుర్తును అధికారికంగా గుర్తించారు. ఇరాన్ 1980లో తన గుర్తు వదిలి నెలవంకకు మారింది. ఇజ్రాయెల్ సంస్థ తన ఎర్ర నక్షత్రానికి గుర్తింపు కావాలని దశాబ్దాల పాటు పట్టుబట్టింది. చివరకు 2005లో ఏ మతంతోనూ పోలిక లేని ఎర్ర స్ఫటికం గుర్తును తెచ్చారు. మరుసటి ఏడాది జూన్‌లో ఇజ్రాయెల్ సంస్థను, పాలస్తీనా రెడ్ క్రీసెంట్‌ను ఒకేసారి సమాఖ్యలో చేర్చుకున్నారు.

ముస్లిం దేశాలన్నీ నెలవంకనే వాడుతున్నాయనుకోవడం పొరపాటు. పాకిస్తాన్ 1970లలో, బంగ్లాదేశ్ 1988లో శిలువ నుంచి నెలవంకకు మారాయి. ప్రపంచంలో అత్యధిక ముస్లిం జనాభా ఉన్న ఇండోనేషియా మాత్రం 1945లో స్థాపించుకున్న తన సంస్థకు ఇప్పటికీ రెడ్ క్రాస్ పేరే ఉంచుకుంది. అక్కడ కూడా నెలవంక కావాలన్న వాదన పార్లమెంటులో చాలా ఏళ్లు నడిచింది. 2018లో చేసిన చట్టంలో పాత పేరే నిలిచింది. కోట్లాది ఇండోనేషియా ముస్లింలు ఆ గుర్తు కింద రక్తం ఇస్తున్నారు, తీసుకుంటున్నారు.

అన్సారీ గారి ఓడ

మన దేశ ముస్లింలకు ఈ ఉద్యమంతో పరిచయం 1912లోనే ఏర్పడింది. బాల్కన్ యుద్ధంలో తుర్కీ దెబ్బ తిన్న రోజులవి. మౌలానా మహమ్మద్ అలీ తన కామ్రేడ్ పత్రిక ద్వారా చందాలు పోగుచేశారు. డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ నాయకత్వంలో డాక్టర్లు, సహాయకుల బృందం 1912 డిసెంబరులో బొంబాయి నుంచి ఓడలో బయలుదేరింది. అన్సారీ గారి కుటుంబానికి హైదరాబాదుతో అనుబంధం ఉంది. తుర్కీ రెడ్ క్రీసెంట్‌తో కలిసి క్షతగాత్రులకు చికిత్స చేసి ఆ బృందం 1913 జులైలో తిరిగి వచ్చింది. పెషావరుకు చెందిన అబ్దుర్రహ్మాన్ అనే యువకుడు తిరిగి రాలేదు. అక్కడే ఉండిపోయి, తుర్కీ తరఫున అఫ్ఘానిస్తాన్‌కు రాయబారి కూడా అయ్యాడు. అన్సారీ గారు 1927లో మద్రాసు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించారు.

ఈ బృందం వెళ్లింది తుర్కీ ఖలీఫా మీద అభిమానంతో. అందులో దాపరికం లేదు. రెడ్ క్రాస్ సిద్ధాంతం కోరేది ఇంకొక మెట్టు పైది. అభిమానం లేని చోటికి కూడా వెళ్లాలి. 2023 ఫిబ్రవరిలో తుర్కీ, సిరియాలలో భూకంపం వచ్చినప్పుడు భారత ప్రభుత్వం ఆపరేషన్ దోస్త్ పేరిట సహాయం పంపింది. మన సైనిక వైద్యులు ఇస్కెందరూన్ పట్టణంలో ఆసుపత్రి తెరిచారు. కాశ్మీరు విషయంలో తుర్కీతో మన దేశానికి సఖ్యత లేని కాలమది. శిథిలాల నుంచి బయటపడిన తుర్కీ తల్లులు ఆ డాక్టర్లను కౌగిలించుకుంటున్న ఫొటోలు అప్పట్లో పత్రికలన్నీ వేశాయి.

తటస్థత ఖరీదు

అంతర్జాతీయ కమిటీ మీద మన పాఠకులలో చాలామందికి కోపం ఉంది. గాజాలో ఇంత ఘోరం జరుగుతుంటే గట్టిగా మాట్లాడలేదని. ఆ కోపానికి కారణం లేకపోలేదు. ఈ సంస్థ పని విధానమే అంత. జైళ్లలోకి వెళ్లి ఖైదీలను చూస్తుంది, చూసినది బయట చెప్పదు, సంబంధిత ప్రభుత్వానికి మాత్రమే చెబుతుంది. బయట చెబితే రెండవసారి తలుపు తెరవరన్నది దాని భయం. ఇదే పద్ధతి 1942లో మహాపరాధానికి దారి తీసింది. హిట్లర్ మారణహోమం గురించి తెలిసి కూడా కమిటీ బహిరంగ ప్రకటన చేయకుండా ఊరుకుంది. అది తమ చరిత్రలోనే పెద్ద వైఫల్యమని కమిటీ తరువాతి కాలంలో ఒప్పుకుంది. బయాఫ్రా యుద్ధంలో రెడ్ క్రాస్ తరఫున పనిచేసిన కొందరు ఫ్రెంచి డాక్టర్లకు ఈ మౌనం నచ్చలేదు. వారు మరికొందరితో కలిసి 1971లో హద్దులు లేని డాక్టర్ల సంస్థను స్థాపించారు.

గాజా విషయంలో రెండు వైపుల నుంచీ ఈ కమిటీ తిట్లు తిన్నది. బందీలను చూడటానికి హమాస్ రానివ్వలేదు. 2023 అక్టోబరు 7 తరువాత పాలస్తీనా ఖైదీలను చూడటానికి ఇజ్రాయెల్ రానివ్వలేదు. బందీలను మోసుకుపోయే టాక్సీ సర్వీసు అని ఎగతాళి చేసినవారున్నారు. కాని 2025 అక్టోబరు 13న బతికి ఉన్న 20 మంది బందీలు ఒక వైపు, దాదాపు రెండు వేల మంది పాలస్తీనా ఖైదీలు మరో వైపు ఇళ్లకు చేరే వేళ, మధ్యలో నిలబడడానికి ఉభయులూ ఒప్పుకున్నది ఆ టాక్సీనే. మాట్లాడి ఉంటే ఆ పని దక్కేదా? దక్కకపోయినా ఫరవాలేదు, మాట్లాడవలసిందే అనేవారి వాదనలోనూ బలం ఉంది. నా మటుకు, రెండు రకాల సంస్థలూ అవసరమే అనిపిస్తుంది. సాక్ష్యం చెప్పేవారు కావాలి. సాక్ష్యం చెప్పకుండా సంకెళ్ల దాకా వెళ్లగలిగేవారూ కావాలి.

కలెక్టరు గారి సంస్థ

ఇక మన ఇంటి సంగతి. భారత రెడ్ క్రాస్ సొసైటీ 1920లో శాసనం ద్వారా ఏర్పడింది. రాష్ట్రపతి దీనికి అధ్యక్షులు. కేంద్ర ఆరోగ్య మంత్రి ఛైర్మన్. రాష్ట్ర శాఖకు గవర్నరు, జిల్లా శాఖకు కలెక్టరు అధ్యక్షులుగా ఉంటారు. ఈ ఏర్పాటు వలన లాభమూ ఉంది, నష్టమూ ఉంది. తుపాను వచ్చిన రోజు కలెక్టరు ఒక్క ఫోను చేస్తే టార్పాలిన్లు, వంట సామగ్రి, మందులు కదులుతాయి. మిగిలిన రోజులలో మాత్రం జనం దానిని మరో ప్రభుత్వ శాఖ అనుకుంటారు. బదిలీ అయి వచ్చిన కలెక్టరుకు ఆసక్తి ఉంటే శాఖ లేచి కూర్చుంటుంది, లేకపోతే పడుకుంటుంది. సభ్యులు చురుకుగా ఉన్న చోట కథ వేరు. నెల్లూరు శాఖ వారు రక్తనిధితో ఆగకుండా ఏకంగా క్యాన్సర్ ఆసుపత్రినే నడుపుతున్నారు.

మన తీర ప్రాంతానికి సహాయ సంస్థల అవసరం ఎంతటిదో 1977 నవంబరు 19 రాత్రి చెప్పింది. దివిసీమ ఉప్పెనలో సుమారు పది వేల మంది ప్రాణాలు కోల్పోయారని అధికార లెక్క. నాగాయలంక, కోడూరు ప్రాంతాలలో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకు పోయాయి. 1990 మేలో అంతటి తుపానే కోస్తాను తాకినప్పుడు మరణాలు 967. గాలి తగ్గలేదు, సముద్రం తగ్గలేదు. ముందస్తు హెచ్చరికలు, ఖాళీ చేయించడం, తుపాను షెల్టర్లు ఆ తేడాను తెచ్చాయి.

ఈ విషయంలో బంగ్లాదేశ్ అనుభవం మనకు ఇంకా ఎక్కువ చెబుతుంది. 1970 నవంబరు తుపానులో అక్కడ మూడు లక్షల మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత ప్రభుత్వమూ, రెడ్ క్రాస్ (ఇప్పటి రెడ్ క్రీసెంట్) కలిసి ఊరూరా వాలంటీర్లను తయారుచేయడం మొదలుపెట్టాయి. మెగాఫోను, జెండా, సైకిలు, ప్రథమ చికిత్స పెట్టె. ఇవీ వారి ఆయుధాలు. 1991లో మళ్లీ లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. షెల్టర్లు చాలలేదు. బయటికి రావడానికి స్త్రీలు సంకోచించారు. ఆ సంగతి గ్రహించి స్త్రీ వాలంటీర్లను పెంచుతూ వచ్చారు. 2020లో ఆంఫన్ తుపాను నాటికి వేలాది మంది వాలంటీర్లు ఉండగా, అందులో స్త్రీలు పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. ఆంఫన్‌లో బంగ్లాదేశ్ మరణాలు పదుల సంఖ్యలోనే ఆగిపోయాయి. పరదా పాటించే ఇంటి తలుపు తట్టి లోపలికి వెళ్లి, అమ్మా లేవండి, నీరు వస్తున్నది అని చెప్పగలిగినది మరొక స్త్రీయే.

చీడికాడకు ఇదంతా ఎందుకు

చీడికాడ సముద్రపు ఒడ్డు ఊరు కాదు. తీరానికీ పాడేరు కొండలకూ మధ్య, మాడుగుల పక్కన ఉన్న మండలం. అయినా 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను విశాఖ బీచి దగ్గరే ఆగిపోలేదు. కొండల దాకా వెళ్లింది. చెట్లు, కరెంటు స్తంభాలు కూలి ఉమ్మడి విశాఖ జిల్లా రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. ఆ పేరు ఒమన్ దేశం ఇచ్చినది. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) దర్బారులో వార్త తెచ్చిన పక్షి పేరు అది, దివ్య ఖురాన్‌లోని నమ్ల్ సూరాలో ప్రస్తావన ఉన్నది. మన పిల్లలకు ముందే తెలిసిన ఆ పేరును జిల్లా అంతా ఆ వారం నేర్చుకుంది.

మండలంలోని కోనాం వద్ద బొడ్డేరు మీద జలాశయం ఉంది. భారీ వర్షాలు పడితే కింది ఊళ్లను హెచ్చరించవలసి వస్తుంది. కొండవాలులో గిరిజన గూడేలు ఉన్నాయి. ఈ జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతంలో చేరని ఇలాంటి గూడేల నుంచి గర్భిణులను, జబ్బు పడినవారిని డోలీ కట్టి మోసుకువచ్చే వార్తలు పత్రికలలో వస్తూనే ఉన్నాయి. 2005లో మొదలైన 108 అంబులెన్సు రోడ్డు ఉన్నంత వరకే వస్తుంది. మిగిలిన దూరం డోలీదే. సోల్ఫెరినోలో క్షతగాత్రులను మోసిన పరుపుకూ మన డోలీకీ పెద్ద తేడా లేదు. మోసేవారికి ప్రథమ చికిత్స తెలుసా లేదా అన్నదే తేడా.

పాము కరిస్తే తాడుతో బిగించి కట్టడం ఇంకా మన పల్లెలలో చూస్తున్నాం. అది కాలును పాడుచేస్తుంది. కరిచిన కాలు కదలకుండా చూసి వెంటనే ఆసుపత్రికి చేర్చడమే మేలు. రక్తం ధారగా పోతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుకోవాలి, పసుపు, కాఫీ పొడి చల్లరాదు. ఇవి పెద్ద చదువులు కావు. రెడ్ క్రాస్ ప్రథమ చికిత్స శిక్షణలో చెప్పేవి ఇలాంటివే. స్కూళ్లలో జూనియర్ రెడ్ క్రాస్, కాలేజీలలో యూత్ రెడ్ క్రాస్ ఉన్నది కూడా ఇందుకే. కాని ఆ పిల్లలు చదువు ముగించి ఊరికి తిరిగి వచ్చాక వారి శిక్షణను వాడుకునే ఏర్పాటు లేదు.

అనకాపల్లి 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయింది. ఈ జిల్లాకు తుపానులతో పాటు మరో ముప్పు ఉంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. 2025 ఏప్రిల్ 13న కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి ఎనిమిది మంది బలయ్యారు. ఇలాంటి రోజున గంటల వ్యవధిలో రక్తం కావాలి. రక్తాన్ని మందులా గోదాములో దాచిపెట్టలేము. మామూలు నిల్వ 35 రోజులు, ప్లేట్‌లెట్లు అయిదు రోజులే. ముందుగా ఇచ్చినవారు ఉంటేనే ఆ రోజు ఉంటుంది.

చందా, జకాత్, రక్తం

ఇక పెద్దల ప్రశ్న. ప్రాణావసరంలో రక్తదానానికి ఉలమాలో అత్యధికులు అనుమతి ఇచ్చారు, అమ్ముకోవడాన్ని మాత్రం కూడదన్నారు. గ్రహీత ఏ మతం వాడన్న షరతు లేదు. మీలాదున్నబీ, ముహర్రం రోజులలో మన యువకులు అనేక పట్టణాలలో రక్తదాన శిబిరాలు నడుపుతున్నారు. రమజానులో దాతలు తగ్గుతారు. ఇఫ్తార్ తరువాత శిబిరం పెడితే ఆ లోటు కొంత తీరుతుంది. మగవారు మూడు నెలలకు ఒకసారి, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. వయసు 18 నుంచి 65, బరువు కనీసం 45 కిలోలు ఉండాలి.

సదఖాకు హద్దులు లేవు. జకాత్ సంగతి వేరు. దానికి ఖురాన్ నిర్దేశించిన ఎనిమిది పద్దులు ఉన్నాయి. సంస్థకు ఇస్తే ఆ పద్దులలోనే ఖర్చవుతుందా అన్నది మీ మస్జిదు ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవలసినది. అసాధ్యమేమీ కాదు. ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ ఫత్వాలు తీసుకుని 2019లో జకాత్ నిధి ప్రారంభించింది. మలేషియాలోని పెర్లిస్ రాష్ట్రపు జకాత్ సొమ్ముతో కెన్యా రెడ్ క్రాస్ కరవు ప్రాంతంలో సహాయం చేసింది. పేరులో శిలువ ఉన్న సంస్థ చేతుల మీదుగా జకాత్ పేదలకు చేరింది. పెద్ద దేశాలు చేయి ముడుచుకుంటున్న ఈ కాలంలో ఇది చిన్న విషయం కాదు. అమెరికా సహాయ సంస్థ యూఎస్ ఎయిడ్ 2025 జులై 1న మూతపడింది. దాని మీద ఆధారపడిన సహాయ కార్యక్రమాలు దేశదేశాలలో కుంటుపడ్డాయి.

చందా కంటే ముఖ్యమైనది సభ్యత్వం. రుసుము చెల్లించిన ఎవరైనా రెడ్ క్రాస్‌లో సభ్యులు కావచ్చు, మతం, కులం అడగరు. కలెక్టరు అధ్యక్షులైనా, జిల్లా శాఖ నిర్వాహక కమిటీని ఎన్నుకునేది సభ్యులే. ఉత్తరాంధ్రలో ముస్లింల సంఖ్య తక్కువ. అందువలన మనకెందుకులే అన్న ధోరణి ఉంది. కోవిడ్ రోజులలో అయినవారే దగ్గరికి రాని శవాలకు హిందూ, ముస్లిం తేడా లేకుండా అంత్యక్రియలు చేసిన ముస్లిం యువకులు ఎన్నో పట్టణాలలో కనిపించారు. అప్పుడు వారి చేతిలో ఏ గుర్తూ లేదు, శిక్షణ లేదు, చాలాచోట్ల తొడుగులు కూడా లేవు. అలాంటి యువకులు చోడవరంలో, మాడుగులలో, చీడికాడలో పదేసి మంది సభ్యులుగా చేరితే ప్రథమ చికిత్స శిక్షణ మండలంలోనే పెట్టమని అడగవచ్చు. కొండవాలు గూడేల నుంచి డోలీ మోసేవారిని ఆ శిక్షణకు పిలవమని అడగవచ్చు. బంగ్లాదేశ్‌లో లాగా ఆడపిల్లలను కూడా తీసుకోమని అడగవచ్చు. ఇవన్నీ జిల్లా శాఖ సర్వసభ్య సమావేశంలో అడగవలసిన మాటలు. ఆ సమావేశానికి పిలుపు సభ్యుల జాబితాలో పేరున్న వారికే వస్తుంది.